గొట్టం ఎందుకు సన్నబడింది

మా ఆయనకు కామెర్లు వచ్చిన మొదటి వారంలోనే, ఎందుకొచ్చాయో సారపాకలో అందరికీ తెలిసిపోయింది. తెలియనిది మా ఇద్దరికే. పాలు పోసే మనిషికి తెలుసు, ఇస్త్రీ బండి అతనికి తెలుసు, పక్క క్వార్టర్లో ఉండే బాయిలర్ సెక్షన్ ఆయన భార్యకు మరీ బాగా తెలుసు. ఆమె పిట్టగోడ మీదుగా తల పెట్టి, "మందు బంద్ చెయ్యమను టీచరమ్మా. లివరు ఖరాబైనంక ఎవ్వలేం చెయ్యలేరు," అంది. ఆయన మందు ముట్టడని చెప్పాను. "ఏ మొగోడు పెండ్లానికి చెప్పి తాగుతడు," అని నవ్వి, తడిబట్టల బకెట్ ఎత్తుకుని లోపలికి పోయింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. మా ఆయన తాటిచెట్టు నీడకు పోయిన మనిషి కూడా కాదు. కాగితం మిల్లులో వెదురు లారీలు తూచే దగ్గర డ్యూటీ, డ్యూటీ అయ్యాక ఇల్లు, ఇంట్లో రేడియో.

నేను లెక్కల టీచర్ని. లెక్క చెయ్యకుండా నేరుగా జవాబు రాసే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు జవాబు మీద అంత కోపం రాదు, మధ్యలో మెట్లుంటే ఎక్కడ జారాడో చూపించవచ్చు. మెట్లే లేకుండా పక్కవాడి పలకలో చూసి దించినవాణ్ణి ఏమని దిద్దాలి? ఎనభైల చివర్లో ఆ కొన్ని నెలలు నాకు ఎదురుపడ్డవాళ్ళలో చాలామంది అలాంటివాళ్ళే. వాళ్ళలో తెల్లకోటు వేసుకున్నవాళ్ళున్నారు, నా ఇంటివాళ్ళూ ఉన్నారు. ఇన్నేళ్ళయినా వాళ్ళను తలుచుకుంటే నాకు జాలి రాదు, చిరాకే వస్తుంది.

మొదట బజార్లో ఉన్న ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన మా ఆయన కింది రెప్ప లాగి చూసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా గ్లూకోజు సీసా వేలాడదీశాడు. మరునాడు ఇంకో సీసా. నూనె మానమన్నాడు, లివర్ టానిక్ రాశాడు. ఎన్నాళ్ళ నుంచి, ఎక్కడ నొప్పి, విరేచనం ఏ రంగులో ఉంది అని అడగడానికి నోరు పెగల్లేదు ఆయనకు. నేనే చెప్పబోయాను. విరేచనం సున్నపు ముద్దలా తెల్లగా ఉంది, మూత్రం డికాషన్ రంగులో ఉంది, ఒళ్ళంతా దురద, రక్తం వచ్చేలా గోక్కుంటున్నాడు అన్నాను. "కామెర్లంటే గంతే ఉంటది మేడం," అన్నాడు. వారం దాటేసరికి కళ్ళు ఇంకా పచ్చబడ్డాయి, ప్యాంటు నడుం దగ్గర పిడికెడు వదులైంది.

అప్పుడు బోనకల్ నుంచి మా అత్తగారు దిగారు. మామగారు పోయాక పొలం, పాడి ఆమే చూసుకునేవారు. మాటంటే మాటే. కామెర్లకు ఇంగ్లీషు మందు విషమనీ, పసరు మందే దిక్కనీ వచ్చీ రాగానే తేల్చేశారు. గోదావరి దాటి, భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఊళ్ళో ఒకాయన ఆదివారం, గురువారం పసరు పోస్తాడు. వెళ్ళి చూస్తే ఆయన ఇంటి ముందు పెళ్ళి పందిరంత పందిరి, దాని కింద పచ్చని కళ్ళేసుకుని జనం. ఆయన ఎవరినీ ఏమీ అడగడు. పరగడుపున మేకపాలలో పసరు కలిపి తాగిస్తాడు, ఉప్పులేని చప్పిడి తిండి తినమంటాడు, తల మీద ఒక దండ పెడతాడు. సన్నటి కాడ ముక్కల్ని దారంతో ముళ్ళేసి కట్టిన దండ అది. మొదట తలకు సరిపోయేంతే ఉంటుంది. రోజురోజుకూ సాగి మెడలోకి, రొమ్ము మీదికి, బొడ్డు దాకా దిగుతుంది. దండ దిగిన కొద్దీ కామెర్లు దిగినట్టు లెక్క.

తెగిపోతే పనికొస్తుందని చెప్పి నేను రెండో దండ అడిగి తెచ్చాను. ఒకటి ఆయన తల మీద పెట్టాం, రెండోది వంటింటి తలుపు మేకుకు తగిలించాను. రోజూ బడికి పోయేముందు రెండింటినీ టేపుతో కొలిచి నోట్‌బుక్‌లో రాశాను. ఆయన దండ ఎంత సాగిందో మేకు దండా అంతే సాగింది. పచ్చి కాడలు ఎండి సన్నబడితే ముడి వదులవుతుంది, దారం జారుతుంది. ఆరో తరగతి పిల్లవాడికి చెప్పినా తెలిసే సంగతి. పదో రోజున అత్తగారికి నోట్‌బుక్ చూపించి, "అత్తయ్యా, మేకుకు కామెర్లు తగ్గాయి. మీ అబ్బాయికి తగ్గలేదు," అన్నాను. ఆమె నోట్‌బుక్ వైపు చూడలేదు. "నీ చదువు మండ. దేవుణ్ణి గూడ టేపు పెట్టి కొలుస్తవ్ నువ్వు," అన్నారు. మా ఆయన మంచం మీద నుంచి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి నా వైపున్నాడనుకున్నాను.

మర్నాడే సెలవు పెట్టి ఖమ్మం తీసుకుపోయాను. అత్తగారూ వెంట వచ్చారు. అప్పటికి ఖమ్మంలో స్కానింగ్ మిషన్ కొత్త. పెద్ద పేరున్న డాక్టరు, బయట వరండా నిండా మనుషులు. మా ఆయన కడుపు మీద జిగురు రాసి, మిషన్ తిప్పి, తెర మీద నల్లటి మరకలు చూస్తూ చెప్పాడు. లివర్‌లో తయారయ్యే పైత్యరసం పేగులోకి పోవడానికి బైల్ డక్ట్ అని ఒక గొట్టం ఉంటుందట. మా ఆయనకు అది కింది వైపు దారమంత సన్నబడిపోయింది. రసం కిందికి పోలేక పైన గొట్టం ఉబ్బింది, ఆ రసమే రక్తంలో కలిసి ఒళ్ళు పచ్చబడింది. అంతవరకు బాగానే చెప్పాడు. మొదటిసారి ఒకరు ఒక మెట్టు రాశారని సంతోషపడ్డాను కూడా.

"ఎందుకు సన్నబడింది డాక్టరు గారూ?" అన్నాను.

"రాయైతే కనపడలేదు."

"మరి?"

"ఇట్లా సన్నబడితే మామూలుగా క్యాన్సరే అమ్మా," అన్నాడు. చేతికంటిన జిగురు తుడుచుకుంటూ, తర్వాతి పేషెంటును రమ్మని తలుపు వైపు చూస్తూ అన్నాడు. ముప్ఫై మూడేళ్ళ మనిషి బల్ల మీద చొక్కా పైకెత్తుకుని పడుకుని వింటున్నాడు. మామూలుగా అంటే ఏమిటని అడిగాను. హైదరాబాద్ పొమ్మని చీటీ రాసిచ్చాడు.

తిరుగు బస్సులో అత్తగారు ఏడ్చారు. కొడుకు కోసం తల్లి ఏడవడం తప్పు కాదు. కానీ బస్సు కొత్తగూడెం చేరేసరికి ముందు సీటుకూ వెనక సీటుకూ కూడా మా వాడికి క్యాన్సరని చెప్పేశారు. ఎవరో ఆమె చేతిలో బత్తాయిపండు పెట్టారు, ఇంకెవరో మా ఆయనకు కిటికీ పక్కన చోటిచ్చారు. ఇంట్లో గేదె ఈనిందని కూడా దిష్టికి భయపడి బయట చెప్పని మనిషి ఆమె. ఇంత పెద్ద మాట ఇంత సులువుగా నోట ఎలా వచ్చిందో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

పిల్లలిద్దర్నీ బూర్గంపాడులో మా అమ్మ దగ్గర వదిలి హైదరాబాద్ పోయాం. పెద్ద దవాఖానాలో మంచం దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. పక్కటెముకల సందులోంచి లివర్‌లోకి సూది దించి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఆ దారినే సన్నటి ట్యూబు పెట్టి, దాని కొసకు సంచీ తగిలించారు. ముదురాకుపచ్చ రంగులో రసం సంచీలోకి దిగడం మొదలయ్యాక దురద తగ్గింది. రెండు నెలల తర్వాత ఆయన గోక్కోకుండా పడుకోవడం అప్పుడే చూశాను.

వార్డుకు పెద్ద డాక్టరు వచ్చే రోజు గుంపుగా వస్తారు. ఆయన మంచం కాళ్ళ దగ్గరే ఆగి, ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి, వెనకున్న విద్యార్థులతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. వాళ్ళు తలలూపారు. తర్వాత నా వైపు తిరిగి, "క్యాన్సరమ్మా. సంచీతో ఇంటికి తీసుకుపోండి. ఆపరేషన్ చేసినా లాభం ఉండదు," అన్నాడు. మంచం మీదున్న మనిషి ముఖం ఆయన చూడలేదు. చొక్కా విప్పమనలేదు, నాలుక చూడలేదు. నా నోట్‌బుక్‌లో ఉన్నన్ని వివరాలు ఆయన కేస్‌షీట్‌లో లేవు. తల మీద దండ పెట్టిన పసరు మనిషికీ ఈయనకూ తేడా ఇంగ్లీషొక్కటే అనిపించింది.

గుంపు పోయాక అందులోంచి ఒక అమ్మాయి వెనక్కి వచ్చింది. అక్కడ పెద్ద చదువు చదువుతున్న జూనియర్ డాక్టరమ్మ. సన్నగా ఉంది, చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "సన్నబడటం జబ్బు కాదు టీచర్ గారూ. దాన్ని సన్నబరిచిందేదో ఒకటి ఉంటుంది. అది తెలియకుండానే పేరు పెట్టేస్తున్నాం," అంది. కేస్‌షీట్ వెనక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూపించింది. ముందెప్పుడైనా కడుపు ఆపరేషన్ జరిగి గొట్టానికి గాయమైతే మచ్చ కట్టి సన్నబడుతుంది. ఆయన కడుపు మీద కోత లేదు కాబట్టి అది కొట్టేసింది. రాయి లేదు, అదీ కొట్టేసింది. ఏలికపాము దూరితే రంగు మందు ఎక్స్‌రేలో తాడులా కనపడేది, కొట్టేసింది. క్యాన్సర్ దగ్గర కలం ఆపింది. పైత్యరసం రెండుసార్లు పరీక్షకు పంపారట, క్యాన్సర్ కణాలు దొరకలేదట. దొరకనంత మాత్రాన లేదని కాదంది. దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, చివరగా ఇంకో మాట రాసింది. గొట్టం పక్కనే బిళ్ళ గడ్డలుంటాయి, అవి వాచి గొట్టాన్ని నొక్కవచ్చు. ఊరికే వాయవు, పాత జబ్బేదైనా ఉండాలి.

ఆ కాగితం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళలో మొదటిసారి ఒకరు లెక్క చేశారు.

"ఇంతకుముందు ఏవైనా పెద్ద జబ్బులు చేశాయా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. మావాడు రాయిలెక్క ఉండెటోడు," అన్నారు అత్తగారు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

డాక్టరమ్మ లేచి ఆయన కళ్ళు, నాలుక చూసి, చంకలు, మెడ తడిమింది. మెడకు ఎడమ పక్క, చెవి కిందుగా ఆయనకొక మచ్చ ఉంది. చర్మం లోపలికి లాక్కుపోయి ముడతపడ్డ మచ్చ. అక్కడ ఆమె వేళ్ళు ఆగాయి. "ఇదేంటి?" అంది.

"వాత. చిన్నప్పుడు గవదబిళ్ళలొస్తే పెట్టించినం. మూడేండ్లుంటయేమో అప్పుడు," అన్నారు అత్తగారు చప్పున.

"వాత చర్మం మీద కాలుతుంది. ఇది లోపల్నుంచి పగిలి మానినట్టుంది."

"వాతే," అన్నాడు మా ఆయన. నాలుగు రోజుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఆమె నన్ను బయటికి పిలిచింది. వరండాలోకి వచ్చాక నాతో దాపరికం లేకుండా చెప్పింది. పాత జబ్బు ఇదీ అని తెలిస్తే, పొట్ట తెరిచి ఆ గడ్డ ముక్క తీసి చూడమని సర్జన్లను అడగగలదు. ఏమీ లేకుండా పెద్దాయన మాట కాదనే వీలు ఆమెకు లేదు. సోమవారం ఆ వారం ఆపరేషన్ల జాబితా వేస్తారు. అందులో పేరు లేకపోతే మంచం ఖాళీ చెయ్యాలి. అది శుక్రవారం.

లోపలికి పోయి మా ఆయన్ని మళ్ళీ అడిగాను, మెడ మీద అది ఏమిటని. "అమ్మ చెప్పింది గదా," అని గోడ వైపు తిరిగాడు. అమ్మ చెప్పింది నాకూ వినపడింది. నిజమేమిటో చెప్పమని అడిగాను, చెప్పలేదు. పదకొండేళ్ళ నుంచి ఆ మచ్చను నేను రోజూ చూస్తున్నాను. పెళ్ళయిన కొత్తలో వాత అన్నారు, సరే అన్నాను. పిల్లల జవాబు కాగితాల్లో ప్రతి మెట్టూ అడిగే దాన్ని, నా మొగుడి మెడ మీది జవాబును అడక్కుండానే దించుకున్నాను. ఆ మందలో నన్నూ కలుపుకోకపోతే అబద్ధమవుతుంది.

శనివారం పొద్దున ప్యాసింజర్ ఎక్కి బోనకల్‌లో దిగాను. ఆయన అక్క, మా వదిన, అదే ఊళ్ళో మేనత్త కొడుకును చేసుకుంది. ఇంట్లో లేదు, కల్లంలో ఉందన్నారు. ఊరి బయట కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. వదిన కాళ్ళతో వాటిని తిరగేస్తోంది. ఘాటుకు నాకు తుమ్ములొచ్చాయి.

"ఏమ్మా, ఒక్కదానివే వచ్చినవ్. తమ్ముడికెట్లుంది?" అంది.

"వదినా, ఆయన మెడ మీది మచ్చ ఎట్లా వచ్చింది?"

"వాత. మా నాయనమ్మ పెట్టింది."

"అప్పుడు ఆయనకెన్నేళ్ళు?"

"ఏడో ఎనిమిదో. బడికి పోతుండె."

"అత్తయ్య మూడన్నారు."

వదిన కాళ్ళు ఆగిపోయాయి. ఇద్దరూ ఒక అబద్ధం మీద కూడబలుక్కున్నారు గానీ వయసు మాట్లాడుకోవడం మరిచిపోయారు. నేను గొంతు పెంచలేదు. "సోమవారం దాటితే నీ తమ్ముణ్ణి సంచీతో ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత ఎన్ని రోజులుంటాడో ఎవరూ చెప్పలేదు. మంచి డాక్టరమ్మ ఒకామె ఉంది, ఆమెకు ఒక్క నిజం కావాలి," అన్నాను.

ఆమె మిరపకాయల ఒడ్డున కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"కాలేజీల చదివేటప్పుడు మెడకు గడ్డలు లేచినయ్, చింతకాయలంత. ఖమ్మంల చూపిస్తే టీబీ గడ్డలన్నరు. తొంభై సూదులు, మాత్రలు రాసిండ్రు. ఊళ్ళె తెలిస్తే పిల్లనెవరిస్తరు? అందుకని పక్కూరి కంపౌండరును మాట్లాడినం. పొద్దున్నే సైకిలేసుకుని వచ్చేటోడు. గేదెలకు సూదేసే మనిషని చెప్పుకున్నం. తమ్ముణ్ణి కొట్టంల గేదెల పక్కన నిలబెట్టి ఏసిపోయేటోడు."

"తొంభై అయ్యాయా?"

"నలభై చిల్లర అయినయ్. గడ్డ పగిలింది, మానింది. ఇంతల మీ నాయన పిల్లగాణ్ణి చూడనీకి వస్తున్నడని కబురొచ్చింది. ఆ కంపౌండరు అత్తగారూరు మీ బూర్గంపాడే. మీవోళ్ళు గుర్తుపడితే ఎట్ల? ఇంక రావొద్దన్నం. మాత్రలు గూడ ఆపినం, ఇంట్ల సీసాలు కనపడతయని."

మా నాన్న ఆ రోజు వచ్చి ఏం చూశాడో నాకు తెలుసు, ఇంటికొచ్చాక వారం రోజులు అదే చెప్పాడు. కాలవ కింద పొలం చూశాడు, బావి చూశాడు, కొట్టంలో ముర్రా గేదెలు చూసి మురిసిపోయాడు. తాగుడు లేదు కదా అని నలుగురిని విచారించాడు. తన అల్లుడు అంతకు ముందు వారం దాకా ఆ గేదెల పక్కనే నిలబడి సూదులేయించుకున్నాడని ఆయనకేం తెలుసు. గేదె పళ్ళు మాత్రం నోరు తెరిపించి చూశాడు.

"వెయ్యి అబద్ధాలాడన్నా ఒక పెళ్ళి చెయ్యమన్నరు గదా," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

"పెళ్ళి బాగానే చేశారు వదినా. మొగుణ్ణే మిగల్చలేదు," అన్నాను. నేను లేవబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. తమ్ముడి ప్రాణం గురించి ఏదో అడుగుతుందనుకున్నాను. "నా బిడ్డకు మధిర దిక్కు సంబంధం మాట్లాడుతున్నం. నా పేరు బయటికి రానీకు," అంది. చెయ్యి విడిపించుకుని స్టేషన్‌కు నడిచాను.

సోమవారం ఉదయం డాక్టరమ్మ వార్డుకు రాగానే, ఆయన మంచం పక్కనే, అత్తగారు చాప మీద కూర్చుని ఉండగానే అన్నీ చెప్పాను. గడ్డలు, తొంభైలో నలభై చిల్లర, కొట్టం, పెళ్ళిచూపులు. చెబుతున్నంత సేపూ మా ఆయన మెడ మీదికి తువ్వాలు లాక్కుని కప్పుకున్నాడు. డాక్టరమ్మ తిట్టలేదు, నీతులు చెప్పలేదు. గబగబా రాసుకుని, కాగితం పట్టుకుని దాదాపు పరుగెత్తింది.

అత్తగారు నన్ను చూసి, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తది. నా కొడుకు పరువు నలుగుట్ల తీసినవ్," అన్నారు. ఆ నలుగురూ ఎవరో నాకు తెలియలేదు. పక్క మంచం మీద ముసలాయన మగతలో ఉన్నాడు, అవతల మంచం ఖాళీ. క్యాన్సరని బస్సు మొత్తానికి చాటిన మనిషికి, వినేవాళ్ళు లేనిచోట చెప్పిన టీబీ పరువు తక్కువైంది. క్యాన్సర్‌కు జనం బత్తాయిపండు పెడతారు. దీనికి పెట్టరు. ఆ రోజు బస్సులో అంత సులువుగా చెప్పడం ఎందుకో అప్పుడు తెలిసింది.

పెద్ద డాక్టరు సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం వచ్చి, మంచం దగ్గరికి మొదటిసారి వంగి, మెడ మీద తువ్వాలు తీసి చూసి, "నాకు మొదట్నుంచీ అనుమానమే," అన్నాడు. వెనకున్న విద్యార్థులు ఈసారి కూడా తలలూపారు. డాక్టరమ్మ చివర నిలబడి నేల వైపు చూస్తోంది.

ఆ గురువారం పొట్ట తెరిచారు. గొట్టం చుట్టూ బిళ్ళ గడ్డలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయట. అక్కడికక్కడే ముక్క తీసి పరీక్షకు పంపారు. సన్నబడ్డ చోటు మళ్ళీ వెడల్పు కాదని, పేగును పైకి తెచ్చి ఉబ్బిన గొట్టానికి కలిపి రసానికి వేరే దారి చేశారు. ఎనిమిది రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్ లేదు, టీబీ. ఎప్పుడో సగంలో వదిలేసిన జబ్బు లోపల గడ్డల్లో దాక్కుని, తీరిగ్గా లేచి గొట్టాన్ని నొక్కింది. ఏడాదిన్నర మాత్రలు రాశారు. ఇలాంటిది ఎదుటివాళ్ళకు అంటదని డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

సారపాక వచ్చాక నెల తిరిగేలోపు ఆయన కళ్ళు తెల్లబడ్డాయి. ముఖాన నెత్తురు కనపడింది, తిండి సయించింది. మూడో నెలలో డ్యూటీకి పోయాడు. పక్క క్వార్టర్ ఆమె గోడ మీదుగా, "జూసినవా, మందు మానంగనే ఎట్ల మంచిగైండో," అంది. అత్తగారు బోనకల్‌లో రాళ్ళ ఆపరేషన్ అని చెప్పుకున్నారు. ఎవరి జవాబు వాళ్ళ దగ్గర చెక్కుచెదరకుండా ఉంది, దిద్దించుకోవడానికి ఒక్కరూ పలక చాపలేదు.

ఆయన మాత్రం నాతో మాట్లాడటం తగ్గించేశాడు. అన్నం పెట్టు, చొక్కా ఏది, పిల్లాడి ఫీజు ఎప్పుడు, అంతే. నీరసమనుకున్నాను కొన్నాళ్ళు. ఒంట్లో బలం వచ్చినా మాట రాలేదు. ఒక సాయంత్రం వరండాలో టీ గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఏమైందని సూటిగా అడిగాను.

ఆయన టీ ఒక గుక్క తాగాడు. "నువ్వు మా అక్క దగ్గరికి పోకుండ ఉండాల్సింది," అన్నాడు.

"పోకపోతే ఏమయ్యేది?"

"పోయేటోణ్ణి. మంచిగ పోయేటోణ్ణి గదా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మీకు తెలుసా? అది టీబీ కావచ్చని?"

"ఆ డాక్టరమ్మ మెడ మీద చెయ్యేసినప్పుడే సమజైంది."

"మరి వాతని ఎందుకన్నారు?"

"క్యాన్సరంటే అందరు అయ్యో అంటరు. ఇదంటే గ్లాసు పక్కన పెడ్తరు. మిల్లుల తెలిస్తే నా పక్కన ఎవడు కూసుంటడు?" గొంతులో కోపం కూడా లేదు. మామూలు విషయం చెప్పినట్టు చెప్పాడు.

పసరు మనిషినీ, ఖమ్మం డాక్టరునూ, అత్తగారినీ, వదిననూ ఇన్ని నెలలు తిట్టుకున్నాను. వాళ్ళకు తెలియకో, భయపడో, తెలిసీ నోరు మూసుకునో తప్పు చేశారు. ఈయన ప్రాణం ఈయన చేతుల్లోనే ఉంది, ఒక్క మాటతో కాపాడుకోగలడు. శుక్రవారం గోడ వైపు తిరిగినప్పుడు ఆ గోడ మీద నేను లేను, పిల్లలిద్దరూ లేరు. మిల్లు క్యాంటీన్‌లో తన పక్కన కూర్చునేవాడు ఒక్కడే ఉన్నాడు. మా ముగ్గుర్నీ ఒక పక్కా, తన పరువునొక పక్కా పెట్టి, కలత లేకుండా పరువు వైపు జరిగిపోయాడు. నేను శనివారం రైలెక్కకపోతే ఆయన ఆ రహస్యంతోనే సుఖంగా పోయేవాడు, నేను బతికినంత కాలం క్యాన్సరనే ఏడ్చేదాన్ని.

లేచాను. సాయంత్రం వేసుకోవాల్సిన మాత్రలు తెచ్చి చేతిలో పెట్టాను, వేసుకున్నాడు. ఖాళీ అయిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయి కడిగాను. మా గ్లాసులన్నీ బోర్లించే చోట కాకుండా, తీసుకెళ్ళి వేరే గూట్లో పెట్టాను. వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి ఆయన అది చూశాడు. అంటదని ఆయనకూ తెలుసు. ఎందుకలా పెట్టావని అడగలేదు.